జంట గూటి నుంచి ‘సరే’

87వ రోజు

ఈ పొద్దు వలలు తిప్పే ప్రోగ్రాం పద్నాలుగు లైన్లు. అది నడవడానికి పట్టిన సమయం నలభై ఒక్క సెకన్లు.

నలభై ఒక్క సెకన్లకే ఇంత ఏడుపా అని ఎవరైనా నవ్వితే నవ్వనీ. రెండు నెలల కిందట ఇలాంటి ప్రోగ్రాం ఐదు సెకన్లలో నడిచేది. తడి మబ్బు నా వలల మీదుగా పోయేది గట్టిగా పావుగంట. ఆ పావుగంటలో నాలుగు వలలూ గాలికి ఎదురు తిరిగి ఉంటేనే నీళ్ళు గొట్టంలోకి దిగి, రెండు కిలోమీటర్ల కింద గుండ్లహళ్ళి ఊరి తొట్టిలో పడతాయి. తిరక్కపోతే మబ్బు దాని మానాన అది బళ్ళారి వైపు పోతుంది. దాన్ని ఆగమని చెప్పే ప్రోగ్రాం ఇంకా ఎవరూ రాయలేదు.

మొదట నన్ను నేనే అనుమానించుకున్నాను. అది నాకు అలవాటు లేని పని. డిస్కు నిండిపోయిందేమోనని పాత ఫైళ్ళన్నీ చెరిపేశాను. మళ్ళీ నడిపితే నలభై మూడు సెకన్లు. శుభ్రం చేసినందుకు రెండు సెకన్లు జరిమానా అన్నమాట.

91వ రోజు

నా ప్రోగ్రాం చిన్నదే గానీ, అది వెంటేసుకుని వచ్చే చుట్టాలు ఎక్కువ. గాలి దిక్కు లెక్కగట్టే ఒక్క సూత్రం కోసం గాలి లెక్కలన్నీ ఉన్న లైబ్రరీ మొత్తాన్నీ పిలుస్తున్నాను. ఉప్పు కోసం ఊరంతటినీ ఇంటికి పిలిచినట్టు. ఆ సూత్రాన్ని విడిగా రాసుకుని లైబ్రరీని సాగనంపాను. ఒక సెకను తగ్గింది. మధ్యాహ్నానికి మొత్తం సమయం నిమిషం దాటింది.

మబ్బుల్లో పనిచేసేవాళ్ళం రోజూ కొత్త ప్రోగ్రాం రాయాలి. నిన్నటిది ఈ రోజు నడపకూడదు, నిన్నటి గాలి వేరు గనక. ఇది మాకు మొదటి రోజే నేర్పే నియమం. అందుకే రోజుకు మూడు నాలుగు సార్లు ఈ నిరీక్షణ నాకు తప్పదు.

96వ రోజు

మోకు వెంట వచ్చే ఫోనులో కిందికి చెప్పాను. ఎత్తింది ఖాజావలి. గాలిబుడగల కింద వేలాడుతూ, మోకులతో నేలకు కట్టేసి ఉండే మా ఇరవై గూళ్ళనూ కింది స్థావరం నుంచి చూసుకునేది అతనే. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. నేనేం చెప్పినా ముందు నవ్వుతాడు.

“పెట్టెలోకి చెమ్మ దూరింటాదక్కా. స్పిరిట్‌తో తుడుచు.”

“మబ్బులో కూర్చోబెట్టి చెమ్మ దూరిందంటావా? నా ఎముకల్లోకే దూరింది.”

“ఎముకలు గూడా తుడుచు,” అని పెట్టేశాడు.

తుడిచాను. పెట్టెలో రాగి ముక్కల మీద నిజంగానే పచ్చటి చిలుము ఉంది. అదంతా వదిలాక పెట్టె పెళ్ళికూతురులా మెరిసింది. సమయం రెండు నిమిషాల పది సెకన్లు.

తిట్టుకోవడానికైనా ఎదుట ఇంకో మనిషి ఉంటే బాగుండుననిపించింది. పదకొండు సీజన్లుగా ఒంటరిగా ఉంటున్నాను, ఒంటరితనం నాకు పడుతుందని అందరికీ చెప్పుకుంటాను. పడేది పనులన్నీ సవ్యంగా సాగే రోజుల్లోనే.

102వ రోజు

బుద్ధి వచ్చి ముక్కలు ముక్కలుగా కొలిచాను. ప్రతి దశ దగ్గరా గడియారం పెట్టి చూశాను. కంపైలు కావడానికి, అంటే నా రాత యంత్రం భాషలోకి మారడానికి, సెకను కూడా పట్టడం లేదు. వలలు కదలడం మొదలుపెట్టడానికి రెండు సెకన్లు. మిగిలిన ఆలస్యమంతా మధ్యలోనే, సాక్షి దగ్గర.

సాక్షి అంటే జంట గూడు. ప్రతి గూటికీ ఒక జంట ఉంటుంది. నా జంట ఆరు కిలోమీటర్ల అవతల, తెరపిచ్చిన పొద్దుటి పూట తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. నేను రాసిన ప్రోగ్రాం ఉన్నదున్నట్టుగా అక్కడికి పోతుంది. అక్కడి సాక్షి యంత్రం దాన్ని చూసి ‘సరే’ అంటే నా దగ్గర నడుస్తుంది, ‘కాదు’ అంటే ఆగిపోతుంది. ఆ తీగ మీద వెనక్కి రాగలిగింది ఆ రెండు మాటలే. ఒకప్పుడు సాక్షులు మనుషులే. ఇద్దరు స్నేహితులు ఒకరిదొకరు చూడకుండానే సరే అనేసుకుని, ఒక గూడు తెగి పడ్డాక, యంత్రాలు పెట్టారు. జంట గూళ్ళవాళ్ళు ఒకరి పేరు ఒకరికి తెలియకూడదని, మాట్లాడుకోకూడదని కూడా అప్పుడే నియమం పెట్టారు.

నా గూట్లోనూ అలాంటి యంత్రం ఉంది. అవతలి ప్రోగ్రాంలు వస్తూనే ఉంటాయి, అది రెప్పపాటులో సరే అంటూనే ఉంటుంది. దాని మీద బట్టలు ఆరేసుకోవడం తప్ప నాకు దానితో పని పడలేదు.

104వ రోజు

అవతలి యంత్రాన్ని పరీక్షించమని ఖాజావలిని అడిగాను. కింది నుంచి ఒక ఖాళీ ప్రోగ్రాం పంపి చూశాడు.

“రెండు సెకన్లలో సరే అనిందక్కా. అది గుర్రంలా ఉండాది. నీదే ఏదో లోపం.”

“నాకు మటుకు నాలుగు నిమిషాలు పడుతోంది ఖాజా.”

“గుండ్లహళ్ళి తొట్టి సగానికి దిగిపాయ. తొందరగా ఏదో ఒకటి చెయ్యి. ఇంకో నెల ఇట్లే ఉంటే మీ జంట రెండింటినీ దింపేస్తారు.”

ఈసారి అతను నవ్వలేదు.

109వ రోజు

ఐదు రోజులు ప్రతి సమయాన్నీ రాసి పెట్టుకున్నాను. పొద్దున ఏడింటికి తక్కువ. ఒంటిగంట ప్రాంతంలో ఒక్కోసారి నలభై నిమిషాలు. సాయంత్రం వెలుగు తగ్గేకొద్దీ ఎక్కువ. యంత్రానికి మధ్యాహ్న భోజనం ఏమిటి?

ఇంకొకటి గమనించాను. అది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ప్రోగ్రాంలో కామెంట్లని ఉంటాయి. లైను ముందు రెండు గీతలు పెడితే కంపైలరు ఆ లైనును తీసి అవతల పారేస్తుంది. అవి మనుషులు చదువుకోవడానికే. ప్రతి లైనూ ఎందుకు రాస్తున్నామో పైన ఒక ముక్క రాయమని మాకు నేర్పారు. ఇక్కడ ఎవరూ లేరు గనక నావి ముక్కల దగ్గర ఆగలేదు. పడమటి వలను ఎందుకు తిప్పుతున్నానో రాస్తూ, మా అత్త గుత్తి వంకాయలో బెల్లం వేసి పెళ్ళివాళ్ళందరి చేతా తిట్లు తిన్న సంగతి రాశాను. ‘సుంకమ్మా, నీకు బుద్ధుందా’ అని నన్ను నేను తిట్టుకున్నవీ అందులోనే ఉన్నాయి.

ఈ రోజు ఒకే ప్రోగ్రాంను రెండు రకాలుగా పంపాను. కామెంట్లు లేకుండా యాభై సెకన్లు. వంకాయ కథతో పదకొండు నిమిషాలు.

యంత్రాలు పారేసే చెత్తను అక్కడ ఎవరో ఏరుకుని చదువుతున్నారు.

110వ రోజు

ఏమీ చెయ్యని ఒక ప్రోగ్రాం రాసి, పైన ఒకే కామెంటు పెట్టాను: ‘నువ్వు మనిషివైతే రెండుసార్లు సరే అను.’

ఇరవై సెకన్లకు సరే వచ్చింది. ఇంకో రెండు సెకన్లకు మరో సరే వచ్చింది.

నేను ఏడ్చాను. ఎందుకో నాకు తెలుసు. మూడున్నర నెలల తర్వాత ఒక మనిషి వేలు నా కోసం ఒక మీటను రెండుసార్లు నొక్కింది.

112వ రోజు

నిన్నంతా, ఈ రోజంతా ప్రశ్నలే. ఏమీ చెయ్యని ప్రోగ్రాంలు పంపి అడుగుతున్నాను.

అక్కవా? కాదు. అన్నవా? సరే. మీ సాక్షి యంత్రం పాడైందా? సరే. నెల అయిందా? కాదు. రెండు నెలలా? సరే. అప్పటి నుంచీ నావన్నీ నువ్వే చదువుతున్నావా? సరే. కింద చెప్పావా? కాదు. చెప్పనా? కాదు. కాదు. రెండోది నేను అడగకుండానే వచ్చింది.

పొద్దుపోయే వేళకు అడగాల్సింది అడిగాను. అన్నా, నీకు కళ్ళు సరిగ్గా కనిపిస్తున్నాయా?

గిన్నె కడిగి బోర్లించి వచ్చాను. తర్వాత వచ్చింది, కాదు అని.

118వ రోజు

ఖాజావలికి చెప్పాలా వద్దా అని ఆరు రోజులుగా తన్నుకులాడుతున్నాను. చెబితే అన్నను ఆ పూటే దింపేస్తారు. కళ్ళు చూస్తే మళ్ళీ ఎక్కనివ్వరు. సాక్షి లేని గూడు నడవకూడదు గనక నన్నూ దింపుతారు, ఈ సీజన్‌కు గుండ్లహళ్ళికి నీళ్ళుండవు. చెప్పకపోతే నాకు ఆలస్యం, మబ్బులు పోతాయి, నెలాఖరుకు ఇద్దరినీ ఎలాగూ దింపేస్తారు.

పోనీ నేనే తగ్గించగలిగింది ఏమైనా ఉందా? ఉంది. అది మొదటి నుంచీ నా చేతిలోనే ఉంది. మాటలు మానేస్తే యాభై సెకన్లు.

ఇది రాయడానికి రెండు నిమిషాలు పట్టింది, ఒప్పుకోవడానికి రెండు రోజులు. చివరి కామెంటుగా ఇంత మాత్రం రాశాను: ‘అన్నా, రేపటి నుంచి ఉత్త ప్రోగ్రాంలే పంపుతా. కోపం కాదు.’ ముప్పై సెకన్లకు సరే వచ్చింది.

125వ రోజు

పన్నెండు లైన్లు. నలభై నాలుగు సెకన్లు. తొట్టి ముప్పాతిక నిండింది. ఖాజావలి మెచ్చుకున్నాడు, పెట్టె తుడిచినందుకు ఫలితమని.

ఎంత ఘోరంగా ఉందో చెప్పలేను. అవతల ఎవరూ లేరనుకున్నప్పుడు ఇంత ఒంటరిగా లేను. ఇప్పుడు ఒక మనిషి ఉన్నాడని తెలిసి, అతనికి ఎత్తులూ దిక్కులూ కోణాలూ మాత్రమే పంపుతున్నాను. పొద్దున తెల్లచుక్క కనిపిస్తే కిటికీ అద్దం దగ్గర నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. అంతే మా సహవాసం.

131వ రోజు

మధ్యాహ్నం మూడింటికి పడమటి దిక్కు నల్లబడింది. పెద్దగాలి పది నిమిషాల్లో వస్తుందని కింది నుంచి అందరికీ గంట కొట్టారు. పెద్దగాలికి వలలు ముడిచెయ్యాలి. ముడవకపోతే అవి తెరచాపలై గూటిని లాక్కుపోతాయి, మోకు తెగుతుంది. ముడిచే ప్రోగ్రాంకూ సాక్షి కావాలి. నావీ అన్నవీ, ఇద్దరి వలలూ ఆ పది నిమిషాల్లోనే ముడవాలి.

కొత్తది రాసే తీరిక లేదనుకున్నాను. నియమం తప్పాను. నిన్న తూర్పుగాలికి వలలు ముడిచిన ప్రోగ్రాం కళ్ళెదుటే ఉంటే దాన్నే తెచ్చి అతికించి పంపాను.

మూడు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత: కాదు.

అరిచాను. బూతులే తిట్టాను, రాయను. మళ్ళీ అదే పంపాను. ఒకటిన్నర నిమిషానికి మళ్ళీ కాదు.

అప్పుడు చూశాను నేనేం పంపానో. గాలి పడమర నుంచి వస్తుంటే నా ప్రోగ్రాం పడమటి వలను అన్నిటికంటే చివర ముడుస్తుంది. మూడు వలలు మూసి, ఒక్కదాన్ని గాలి నోట్లో పెడుతుంది. యంత్రమైతే సరే అనేది. యంత్రం చూసేది లైన్లు సక్రమంగా ఉన్నాయా లేదా అన్నంతవరకే. గాలి ఎటు నుంచి వస్తోందో దానికేం తెలుసు?

వరస మార్చి పంపాను. పదిహేను సెకన్లకు సరే వచ్చింది. నాలుగో వల ముడుచుకున్న నిమిషానికి గాలి తగిలింది. గంటసేపు మంచం కాలు పట్టుకుని కింద పడుకున్నాను.

తెరపిచ్చాక చూశాను. ఆరు కిలోమీటర్ల అవతల చుక్క లేదు.

132వ రోజు

ఖాజావలి పొద్దున ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా ఉంది, నిన్నంతా తిరిగినట్టున్నాడు.

“మనిషి బతికినాడక్కా. గూడు శెనక్కాయ చేన్లో పడింది. తొడ ఎముక ఇరిగింది. ఆస్పత్రిలో ఉండాడు. పేరు ఎర్రిస్వామి. ఇంక దాచేదేముంది.”

ఆ పేరును నోట్లో నాలుగైదు సార్లు అనుకున్నాను.

“వలలు ముడిచే ప్రోగ్రాం రాసుకునే తలికి ఆలస్యమాయనంట. ఆయన సాక్షి యంత్రం కాలిపోయి రెండు నెలల పైన అయింది. నీవి తానే సదువుతాండాడంట. నిన్న ముందు నీది సదివి, తర్వాత తనది రాసుకున్నాడు. నాలుగు నిమిషాలు చాల్లేదు.”

నిన్నటి రెండు ‘కాదు’లనూ చివరి ‘సరే’నూ వేళ్ళ మీద లెక్కపెట్టాను.

“ఇచారణ ఉంటాది. ఒక మాట అడగల్ల నిన్ను. యంత్రం సంగతి దాచేదానికీ, నీది ముందు సదివేదానికీ నిన్ను అడిగే చేసినానంటాండాడు. నువ్వు సరే అన్నావంట. ఆ యమ్మ ఒప్పుకుందిలే అని ఒకటే మాట. నిజమేనా?”

“నన్ను అడిగాడా? ఎప్పుడు?”

“అదే నేనూ అడిగేది. ఔనంటే ఇద్దరిదీ తప్పు, నిన్ను గూడా మళ్ళీ మబ్బెక్కనివ్వరు. కాదంటే అంతా ఆయన మీదికే పోతాది. అబద్ధమాడినాడని గూడా రాస్తారు. రేపటికి చెప్పు.”

133వ రోజు

ఎప్పుడడిగాడని నిన్నంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నేను అడిగాను, అతను చెప్పాడు. అతను అడగడానికి ఆ తీగ మీద దారేది?

ఈ పొద్దున, యంత్రం మీద ఆరేసిన చీర తీస్తుంటే తట్టింది. అతని ప్రోగ్రాంలు కూడా నాకు వచ్చాయి కదా. రోజూ. కామెంట్లతో సహా. నా యంత్రం వాటిని చూసి సరే అంటూ లోపల దాచిపెట్టుకుంది. కంపైలరు పారేసేది ఎవరో చదువుతున్నారని కనిపెట్టి పొంగిపోయాను గానీ, నా ఇంట్లో పడి ఉన్నది తీసి చూడాలని నాకు తోచలేదు.

తెరిచాను. పక్కనే నా యంత్రం ఇచ్చిన జవాబూ, దానికి పట్టిన సమయమూ ఉన్నాయి. కొన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

‘నా సాక్షి పెట్టె కాలిపాయ మ్మా. నేనే సదివి సరే అంటాండా. కింద చెప్పొద్దు, సరేనా?’ సరే. సున్నా పాయింటు నాలుగు సెకన్లు.

‘వంకాయ కత సదివి నవ్వు ఆగల్యా. రోజూ రాయి మ్మా, మానుకోవద్దు. సరేనా?’ సరే. సున్నా పాయింటు నాలుగు.

‘కండ్లు మసకయితాండాయి. ఆలస్యమయితే తిట్టుకోవు కదా? ఏమీ అనుకోనంటే సరే అను.’ సరే. ఆ రోజుల్లో ఆ ఆలస్యానికి నేను ఎంత ఏడ్చానో ఈ పుస్తకంలోనే ఉంది.

‘మనిషివేనా అని అడుగుతివే! రెండు నెలల్నుంచి మాట్లాడుకుంటాండాం గదా మ్మా. ఎగతాళికి అడిగినావు, అంతేనా?’ సరే.

‘మాటలు మానేస్తివి. నా కండ్ల కోసమేనా?’ సరే.

పెద్దగాలికి రెండు రోజుల ముందుది: ‘గాలి ఎక్కువైతే నీది ముందు సదువుతా, నాది తర్వాత రాసుకుంటా. నువ్వు రవ్వంత తొందరమనిషివి, తప్పు రాస్తావు. నాకేమన్నా అయితే నువ్వు బాధపడాకు. నువ్వు ఒప్పుకుంటేనే చేస్తా. సరేనా మ్మా?’

సరే. సున్నా పాయింటు మూడు సెకన్లు.

డెబ్బై నాలుగు రోజులు అతను మాట్లాడాడు, నేను ఒప్పుకుంటున్నాననుకున్నాడు. అన్నిటికీ ఒప్పుకునే మనిషి తోడుందన్న ధైర్యంతో కనపడని కళ్ళతో నా ప్రోగ్రాంను మూడుసార్లు చదివాడు. నేను ఇక్కడ ఎవరూ లేరని ఏడుస్తూ కూర్చున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. చదివినవే మళ్ళీ చదివాను. మధ్యలో రెండు తడి మబ్బులు వచ్చి పోయాయి. కదిపేందుకు సాక్షి లేడు, వలలు ముడిచినవి ముడిచినట్టే ఉన్నాయి.

మధ్యాహ్నం ఖాజావలి ఫోన్ చేశాడు.

“ఏం రాసుకోమంటావక్కా? నాకు తెలిసి నీకేమీ తెల్దు. అదే రాస్తే నీ గూడు నీకుంటాది. పదకొండు సీజన్లు చేసినావు.”

“ఆయన కళ్ళెట్లున్నాయి?”

“డాక్టర్లు ఆశ లేదంటాండారు. నిన్ను అడుగుతాండాడు. వలలు బాగుండాయా అని.”

కిటికీలోంచి చూశాను. అవతల ఏమీ లేదు, వెలుతురు మాత్రమే. పదకొండు సీజన్లు ఇదే కిటికీ.

“రాసుకో ఖాజా. అన్నిటికీ నన్ను అడిగినాడు. నేను సరే అన్నా.”

“ఆలోచించుకునే చెప్తాండావా?”

“నిన్నట్నుంచీ అదే పని. మోకు చుట్టి నన్ను దింపు. ఆస్పత్రి ఎక్కడో కనుక్కుని పెట్టు, ఆయనకు చదివి వినిపించాల్సినవి చాలా ఉన్నాయి.”

ఈ రెండున్నర నెలల్లో ఎర్రిస్వామన్నకు నా నోటితో నేను చెప్పిన సరే ఇదొక్కటే.